గడ్డ కరిగినా ఆపరేషన్ మానొద్దు

(గోలేటి మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

దండారి గురించి, జోడేఘాట్ గురించి పెద్దలు మాట్లాడారు. నేను మనం బయటికి చెప్పుకోని రోగం గురించి నాలుగు మాటలు చెబుతాను. అది రొమ్ము క్యాన్సర్.

మా వదినెకు రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు కదా అని ఏడాది దాచింది. హైదరాబాద్ తీసుకుపోయేసరికి నిమ్మకాయంత అయింది, చంకలోనూ బిళ్లలు లేచాయి. సూదితో ముక్క తీసి పరీక్షించి, "ముందు కీమో, తర్వాత ఆపరేషన్" అన్నారు డాక్టర్లు. ఇంట్లో అందరికీ అనుమానమే. గడ్డను లోపలే పెట్టుకుని సెలైన్లు ఎక్కించుడేంది? కోసేస్తే అయిపోదా?

కారణం ఉంది. మందు రక్తంలో తిరిగి, కంటికి కనబడని క్యాన్సర్ కణాలను కూడా కొడుతుంది. గడ్డ చిన్నదైతే కోత తగ్గుతుంది, కొందరికి రొమ్మే మిగులుతుంది. మందు పనిచేస్తుందో లేదో గడ్డను చూసే తెలుస్తుంది. ఆలస్యమైతే ప్రాణానికి ముప్పని భయపడతాం. 1988లో అమెరికాలో 1,523 మంది మహిళలతో మొదలైన పరిశోధనలో కొందరికి ఆపరేషన్‌కు ముందు, కొందరికి తర్వాత కీమో ఇచ్చారు. బతికినవారి లెక్క రెండు వైపులా సమానమే. ముందు ఇచ్చినవారిలో రొమ్ము మిగిలినవారు ఎక్కువ.

అసలు చిక్కు మూడో కోర్సు తర్వాత వచ్చింది. చేతికి గడ్డ తగలలేదు. "దేవుడు చూసిండు, ఇంక ఆపరేషన్ ఎందుకు? కూలి పోతది, తొవ్వ ఖర్చులు" అంది వదినె. మేమూ సరేనన్నాం. డాక్టరమ్మ ఒప్పుకోలేదు.

మనది బొగ్గు నేల. కుప్ప మీద పొగ ఆగితే లోపల నిప్పు ఆరినట్టేనా? ఇదీ అంతే. కోర్సులన్నీ పూర్తి చేయించి, ఆపరేషన్ చేసి, తీసిన ముక్కను పరీక్షిస్తే అందులో ఇంకా క్యాన్సర్ ఉంది. దాన్ని బట్టే తర్వాతి మందులు, కరెంటు పెట్టడం నిర్ణయించారు. మూడేళ్లయింది. వదినె ఇప్పుడు పత్తి చేనులో కలుపు తీస్తోంది.

జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది. కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. పసరు మందు వాడితే డాక్టరుకు చెప్పాలి. దేవారితో పూజ చేయించుకుందాం, మొక్కు తీర్చుకుందాం, కానీ కీమో తారీఖు తప్పొద్దు.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది. ముప్పై దాటిన ప్రతి ఆడబిడ్డ ఆశా అక్కను అడిగి రొమ్ము పరీక్ష చేయించుకోవాలి. మా వదినె దాచిన ఆ ఏడాది మీరెవరూ దాచొద్దు.

జై సేవా.