మన ఒంగోలు గిత్త - పంటనాల్ ఆవు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి గంటసేపు మాట్లాడగలవారు మనలో చాలామంది ఉన్నారు. కనుక నేను ఆవుల గురించి ఐదు నిమిషాలు మాట్లాడి కూర్చుంటాను.

బ్రెజిల్ దేశంలో పంటనాల్ అనే విశాలమైన పచ్చికబయలు ఉంది. ఏటా పరాగ్వే నది, దాని ఉపనదులు పొంగి ఆ నేల నెలల తరబడి నీట మునుగుతుంది. తర్వాత ఎండిపోతుంది. ఐరోపా నుంచి వచ్చినవారు తెచ్చిన పశువులు సుమారు మూడు శతాబ్దాలు అక్కడే పుట్టి పెరిగి, ఆ నీటికీ ఎండకూ ముతక గడ్డికీ తట్టుకునే జాతిగా మారాయి. అవే పంటనేరో పశువులు.

ఇరవయ్యో శతాబ్దంలో వాటికి పోటీ వచ్చింది. ఎవరనుకున్నారు? మన ఒంగోలు గిత్త! అక్కడ దాని పేరు నెలోర్. పందొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కిన నాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది మరి. 1960ల తొలినాళ్ళలో వెళ్ళిన ఒక పేరుమోసిన గిత్తను మన కరవది ఊరి పేరుతోనే పిలిచారు. ఇది విని నేనూ గర్వపడ్డాను. కానీ అక్కడి రైతులు పంటనేరో ఆవులకు తరతరాలుగా నెలోర్ వంటి గిత్తలను దాటించడంతో ఆ పాతజాతి కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. చివరకు 1984లో అక్కడి ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఎంబ్రాపా, మిగిలినవాటిలో కొన్నింటిని చేరదీసి నుమిరిం క్షేత్రంలో కాపాడడం మొదలుపెట్టింది.

ఇక మన సంగతి. మా ఊళ్ళోకి ట్రాక్టరు వచ్చాక మా నాన్నగారు తన ఒంగోలు ఎడ్ల జతను అమ్మేశారు. రసీదు రాసింది నేనే. రంగు, వయసు, వెల రాశాను. గుమాస్తాను కదా, అక్షరం పొల్లు పోలేదు. అయితే అవి ఎవరింటి ఆవుకు, ఏ గిత్తకు పుట్టాయో రాయలేదు. అది నాన్నగారికి నోటికొచ్చు. ఆయనతోనే పోయింది.

గుంటూరు దగ్గర లాం పరిశోధనా కేంద్రంలో ఒంగోలు జాతిపై పని జరుగుతున్నది. కానీ ఊళ్ళలో ఉన్న వంశావళి పెద్దల నోళ్ళలోనే ఉంది. మీ ఊరికి వెళ్ళినప్పుడు, ఒంగోలు పశువులున్న ఇంట కూర్చుని ఆ వివరాలు ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. ఒక ప్రతి ఆ ఊరి పశువైద్యునికి ఇవ్వండి. కాగితం లేనిదే పని జరగదని ముప్పయ్యేళ్ళు ఊరందరికీ చెప్పిన మనం ఈ ఒక్క కాగితమైనా రాయాలి.

సెలవు.