వణకని వీడియో
విద్యార్థులారా! మీలో ఖరగ్‌పూర్ తెలుగు రైల్వే కుటుంబాల పిల్లలూ ఉంటారు. అక్కడి 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం మీద నడుస్తూ వీడియో తీస్తే బొమ్మ ఎందుకు ఊగుతుంది? తేలికైన కెమెరా చేయి కదిలినప్పుడల్లా తిరిగిపోతుంది. బరువును నడిమి నుంచి రెట్టింపు దూరం జరిపితే జడత్వ భ్రామకం నాలుగింతలై, ఆ తిరుగుడు తగ్గుతుంది.

అర మీటరు పీవీసీ గొట్టం నడుమ పావు అంగుళం బోల్టుతో కెమెరాను బిగించండి. సాధారణంగా కెమెరా అడుగున ఉండే మర కొలత అదే. గొట్టం రెండు కొసలకూ సమానంగా ఇనుప వాషర్లు కట్టండి. మైకు, దీపం కూడా దానికే తగిలించుకోవచ్చు. కుడిఎడమల ఊపు తగ్గుతుంది. ముందువెనుకల వంపును మాత్రం మీ చేతులే కాయాలి.

దీన్నే పొడవాటి కర్రకు కట్టి పైనుంచి తీద్దామనిపిస్తుంది. స్టేషనులో వద్దు! పైతీగలో 25,000 వోల్టులుంటాయి. తాకనక్కరలేదు, దగ్గరికి వెళితే చాలు, విద్యుత్తు గాలిలోంచే దూకుతుంది. రైల్వే అనుమతి తీసుకోండి, కెమెరాను ఛాతీ ఎత్తు దాటనివ్వకండి.