రక్తం చెప్పే గుండె కబురు

ఆదోని పత్తి మార్కెట్లోనో, ఎమ్మిగనూరు మగ్గాల వీధిలోనో పదిహేనేళ్ల పిల్లవాడు ఛాతీ పట్టుకుని కూర్చుంటే మనం అనే మొదటి మాట: "గ్యాస్ పట్టి ఉంటుందిలే, సోడా తాగు!" చాలాసార్లు అది నిజమే. ఈ వయసులో ఛాతీనొప్పికి గుండె కారణం కావడం అరుదు.

కానీ జ్వరం వచ్చి తగ్గాక నొప్పి, ఆయాసం, గుండెదడ ఉన్నా, కళ్లు తిరిగి పడిపోయినా ఊరుకోకూడదు. వైరస్ వల్ల గుండె కండరం వాచి ఉండొచ్చు. అప్పుడు ఈసీజీతో పాటు ట్రోపోనిన్ పరీక్ష రాస్తారు.

ట్రోపోనిన్ గుండె కండరంలో ఉండే ప్రొటీన్. కండరం దెబ్బతింటే 3 నుంచి 6 గంటల్లో రక్తంలో పెరుగుతుంది. అందుకే మొదటిసారి బాగుందన్నా, కొన్ని గంటలాగి మళ్లీ రక్తం తీస్తారు. విసుక్కోకండి. గుండెపై భారం పడితే రక్తంలో పెరిగే పదార్థం మరొకటి ఉంది, బీఎన్‌పీ.

ట్రోపోనిన్ అంకె పెరిగినంత మాత్రాన గుండెపోటని కాదు. గంటల తరబడి పరుగెత్తిన కుర్రాళ్లలోనూ ట్రోపోనిన్ కాస్త పెరిగి, ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. మగపిల్లల్లో మామూలు స్థాయే ఆడపిల్లల కంటే కొంచెం ఎక్కువ.

ఇంకో జాగ్రత్త: గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు కీళ్లు వాస్తే రుమాటిక్ జ్వరమేమో చూపించుకోవాలి. అది గుండె కవాటాలను పాడుచేయొచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడిపిల్లల్లో గుండె జబ్బులూ చూస్తారు. డాక్టర్లు వచ్చే రోజు పిల్లల్ని పత్తిచేనికి కాదు, బడికి పంపండి.

పిల్లవాడు పడిపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి. సోడా తర్వాత తాగొచ్చు.