బ్యాటరీలో ఉప్పు

సెల్‌ఫోన్ బ్యాటరీ అనగానే లిథియం గుర్తొస్తుంది. ఆ లిథియం ఒక ధ్రువం నుంచి మరోదానికి చేరే దారిని మాత్రం ఎవరూ పెద్దగా తలుచుకోరు. ఆ దారి వేసేది ఒక లవణం, పేరు లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. ఇథిలీన్ కార్బొనేట్ వంటి ద్రావకాల మిశ్రమంలో దీన్ని లీటరుకు సుమారు 1 మోల్ చొప్పున కరిగిస్తారు.

కరిగాక లిథియం అయాన్ ఒంటరిగా కదలదు. నాలుగైదు ద్రావక అణువులు పల్లకీ బోయీల్లా దాని చుట్టూ చేరి వెంట నడుస్తాయి. అందుకే దాని నడక నెమ్మది. ద్రావణంలో సాగే విద్యుత్తులో లిథియం వాటా దాదాపు మూడోవంతే, మిగతాది రుణ అయాన్లది. చార్జింగ్‌లో రుణ ధ్రువంలోని గ్రాఫైట్ పొరల్లోకి దూరేముందు లిథియం ఆ అణువులను వదిలించుకోవాలి. బాగా చలిగా ఉంటే ఈ పని మరీ నెమ్మదిస్తుంది. సున్నా డిగ్రీల కంటే చల్లని చోట వేగంగా చార్జింగ్ చేస్తే, లిథియం లోపలికి పోలేక గ్రాఫైట్ మీదే లోహంగా పేరుకుంటుంది. అది పెరిగి రెండు ధ్రువాలనూ కలిపిందంటే షార్ట్ సర్క్యూటే!

ఈ లవణానికి నీరు బద్ధశత్రువు. తేమ తగిలితే విషపూరితమైన హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. ఎక్కువ వేడికీ ఈ లవణం ఆగదు. అయినా దశాబ్దాలుగా దీన్నే నమ్ముకున్నారు. అయాన్లను చక్కగా నడిపిస్తూనే, ధన ధ్రువం వెనకున్న అల్యూమినియం రేకును తినేయకుండా దానిపై రక్షణ పొర ఏర్పరుస్తుంది. ఈ రెండూ ఒకేచోట కుదిరే లవణాలు అరుదు.

షార్ట్ సర్క్యూట్, విషవాయువు ముప్పులు ఉన్నాయి కాబట్టి, ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే గుచ్చకండి, విప్పకండి, చార్జింగ్ పెట్టకండి. ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించండి.