మార్పునకుఁ గట్టుబాటు



తాళపత్ర గ్రంథములను పరిష్కరించువారికి ఒక చిక్కు ఎప్పుడును ఎదురగుచుండును. ఒకే కావ్యమునకుఁ బలు ప్రతులు దొరకును. ఏ రెండును ఒక్కరీతిగా నుండవు. ఏ లేఖకుఁడు ఏ పద్యమును ఎందులకు మార్చెనో వ్రాసియుంచకపోవుటయే ఇందులకుఁ గారణము.

కంప్యూటరు యంత్రములు నడుచుటకు వలయు ఆజ్ఞలను వ్రాయువారికిని ఈ చిక్కే కలదు. ఆ వ్రాఁతకే సాఫ్టువేరని పేరు. ఒక్క వ్రాఁతను పలువురు దిద్దుదురు. పలు యంత్రములలో నిలుపుదురు. కావున వారొక కట్టుబాటు నేర్పఱచుకొనిరి. దానిని కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ అందురు. దానికి అంగములు నాలుగు. ప్రతి భాగమునకుఁ బేరును సంఖ్యయు నిచ్చుట మొదటిది. అనుమతి లేనిదే దిద్దకుండుట రెండవది. చేసిన మార్పును, చేసినవాని పేరుతోను కారణముతోను వ్రాసియుంచుట మూఁడవది. వ్రాసినదియు వాడుకలో నున్నదియు ఒక్కటియేనా యని సరిచూచుట నాల్గవది. మార్పుల లెక్కను యంత్రమే భద్రపఱచు సాధనము 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలందుఁ బుట్టినది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్ అను సాధనము నేఁడు విరివిగా వాడుకలో నున్నది.

సాధనము లెన్ని యున్నను, సరిచూచుట లోపించిన నేమగునో వినుఁడు. అమెరికాలో నైట్ క్యాపిటల్ అను వాటాల వర్తక సంస్థ యుండెను. 2012 జూలై చివర వారు తమ యెనిమిది యంత్రములకుఁ గ్రొత్త వ్రాఁతను ఎక్కింపఁబూనిరి. అది యేడింటికే చేరెను. ఎనిమిదవదానియందు, 2003లోనే వాడుట మానిన పాత వ్రాఁత నిలిచిపోయెను. రెండవ మనిషి సరిచూడలేదు. చూడవలెనను నియమమును లేదు. క్రొత్తదానిని మేల్కొలుపుట కేర్పఱచిన గుర్తు, పాతదానికిని ఒకప్పటి గుర్తే! ఆగస్టు 1వ తేదీ ఉదయము వర్తకము మొదలైనంతనే పాత వ్రాఁత మేల్కొని, అడ్డులేక వాటాల బేరములు సాగించెను. తప్పెక్కడనో తెలియక వారు, సరిగా నున్న యేడు యంత్రములనుండి క్రొత్త వ్రాఁతను తీసివేసిరి. అంతట కీడు మఱింత పెరిగెను. 45 నిమిషముల వర్తకము వలన 46 కోట్ల డాలర్లకుఁ బైగా నష్టము! మఱుసటి యేఁట ఆ సంస్థ వేఱొకదానితోఁ గలిసిపోయెను.

చూచితిరా! వెనుకకు మరలుటకు సైతము, ఏది యెక్కడ నున్నదో తెలిసియుండవలయును. మార్చుట తప్పు గాదు. మార్పును వ్రాయకుండుటయు, వ్రాసినదానిని సరిచూడకుండుటయు తప్పు.

మన పొలముల పత్రములకును, సంఘముల తీర్మానములకును ఈ నీతి చెల్లును. రద్దయిన కాగితముపై రద్దయినదని గుర్తిడక పెట్టెలో దాఁచినచో, అది యొకనాఁడు చెల్లుబాటగు కాగితమువలె బయటికి వచ్చి తగవు పెట్టును.