మట్టిలో మాణిక్యం, గుదడీలో లాల్

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ వేదిక మీద ప్రతి ఏడూ చదువు గురించి, వైద్యం గురించి, ఉద్యోగాల గురించి పెద్దలు మాట్లాడుతూ ఉంటారు. ఈసారి నన్ను మాట్లాడమన్నప్పుడు, ఇంట్లో పారవేసే వస్తువులతోనూ, చేలల్లో చెలకల్లో దొరికే వాటితోనూ చేసే కానుకల గురించి చెబుతానన్నాను. ఒక మిత్రుడు నవ్వి, "ఏం మాస్టర్ సాబ్, చిత్తు కాగితాల మీద గూడ తఖ్రీర్ ఉంటదా?" అన్నాడు. ఉంటుంది. చిత్తు కాగితాలతో మొదలుపెట్టి మన ఇళ్ళ అప్పుల దాకా వస్తాను. కొంచెం ఓపికతో వినమని మనవి.

నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. ఉర్దూలో "గుదడీ కా లాల్" అని ఒక మాట ఉంది. గుదడీ అంటే పాతగుడ్డల బొంత. లాల్ అంటే మాణిక్యం. పేద ఇంట్లో పుట్టిన గుణవంతుణ్ణి అలా అంటారు. తెలుగులో అదే అర్థంతో "మట్టిలో మాణిక్యం" అంటాం. రెండు భాషల వాళ్ళమూ మాణిక్యాన్నే మెచ్చుకొన్నాం గాని, బొంతనూ మట్టినీ పట్టించుకోలేదు. ఈరోజు ఆ రెంటి తరఫున మాట్లాడతాను.

మన పెళ్ళిళ్ళలో ఒక నోటు పుస్తకం ఉంటుంది. సలామీ ఎవరెంత ఇచ్చారు, ఏ సామాను ఎవరు తెచ్చారు అన్నది అందులో రాస్తారు. హిందూ సోదరుల ఇళ్ళల్లో చదివింపుల పుస్తకం అంటారు. ఈ ఏర్పాటు చెడ్డదని నేననను. పది ఇళ్ళు కలిసి ఒక ఇంటి బరువు మోయడానికి పుట్టిన పద్ధతి అది. కాని క్రమంగా ఏమయింది? ఆ పుస్తకం బాకీల ఖాతా అయి కూర్చుంది. వాళ్ళు మన పిల్ల పెళ్ళికి మిక్సీ ఇచ్చారు గనుక వాళ్ళ పిల్ల పెళ్ళికి మనం అంతకు తక్కువ ఇవ్వకూడదు. ఒకే నెలలో రెండు నికాహ్‌లు, ఒక అఖీఖా, ఒక గృహప్రవేశం వస్తే, రోజు కూలీ చేసే మనిషి ఏం చేయాలి? ఫైనాన్సు వాళ్ళ దగ్గరికి పోతాడు, లేదా భార్య చెవి కమ్మలు తాకట్టు పెడతాడు. అదీ చేతకాకపోతే "ఒంట్లో బాగలేదు" అని కబురు పంపి ఇంట్లోనే ఉండిపోతాడు. అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఈ మూడోవాడు. ఎందుకంటే అతనికి పోయింది బంధుత్వం. కానుకలు ఇచ్చుకొంటే ప్రేమ పెరుగుతుందని మన దీన్ నేర్పింది. కానుక కొనలేక చుట్టాల ఇంటికి పోవడం మానేసే రోజు వచ్చిందంటే, మనం ఆ బోధనను తలకిందులు చేసినట్టే.

చేతితో చేసిన కానుకకు ఒక గుణం ఉంది. దాన్ని రూపాయల్లో రాయలేము. ఒక ఖాలా నెల రోజులు సాయంత్రాలు కూర్చొని కుట్టిన గుదడీ ఎదురుగా ఎన్ని వందలని రాస్తాం? ధర రాయడానికి వీల్లేని దానికి ధరతో బదులు తీర్చలేము. దానికి బదులు కూడా ప్రేమతోనే తీర్చాలి. అందుచేతనే పేదవాడు తలెత్తుకొని ఇవ్వగల కానుక అదొక్కటే అని నా అభిప్రాయం.

"అట్లా అయితే చెత్త తెచ్చి చేతిలో పెడితే ఎవరన్నా ఊకుంటరా?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మన ప్రాంతపు పేరున్న చేతిపనులు ఏ వస్తువులతో తయారయ్యాయో ఒకసారి చూడండి. బీదరు 1956 దాకా మన పాత హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. అక్కడి బిద్రీ పనిలో జస్తు లోహంలో కొంచెం రాగి కలిపి పోతపోసి, దాని మీద వెండి తీగ పొదుగుతారు. ఇంతవరకు సామాన్యమే. ఆ లోహాన్ని నల్లగా నిగనిగలాడేటట్లు చేసేది మాత్రం బీదరు కోటలో దొరికే పాత మట్టి. ఆ మట్టిని నవాసాగరంతో కలిపి వేడి నీటిలో వేసి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే నిలుస్తుంది. మట్టి లేకపోతే బిద్రీయే లేదు. ఈ పనికి జీవితం ధారపోసిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

మన ఆడపడుచులు లాడ్ బజారుకు పోయి కొనే లక్క గాజులు చూడండి. లక్క అంటే ఏమిటి? మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టుకొనే బంక. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక చేర్యాల వాళ్ళ మాస్కులు రంపపు పొట్టుతో, చింతగింజల జిగురుతో చేసినవి. చిన్నవాటికి కొబ్బరి చిప్పే ఆధారం. మట్టి, పురుగు బంక, రంపపు పొట్టు, చింతగింజ! ఇందులో ఖరీదైన వస్తువు ఏదైనా ఉందా? ఖరీదు చేతిలో ఉంది, ఓపికలో ఉంది. పనితనం లేకుండా చేసింది మాత్రం చెత్తగానే మిగిలిపోతుంది. కాబట్టి మూడు పనులు, మన ఇళ్ళల్లో చేసుకోదగ్గవి, వివరంగా చెబుతాను.

మొదటిది గుదడీ. పుట్టిన బిడ్డకు దీనికి మించిన కానుక లేదు. పాత నూలు చీరలు, లుంగీలు, దుపట్టాలు తీసుకోవాలి. టెర్లిన్, నైలాన్ వంటివి పనికిరావు, అవి తడి పీల్చవు. ఎన్నోసార్లు ఉతికిన నూలు గుడ్డ మెత్తగా ఉంటుంది, రంగు దిగదు, పసిబిడ్డ ఒంటికి గుచ్చుకోదు. ఈ విషయంలో కొత్త గుడ్డ కంటే పాతదే మేలు. శుభ్రంగా ఉతికి ఎండబెట్టి, మూడు నాలుగు పొరలు నేల మీద సాఫుగా పరచాలి. మూలల్లో బరువులు పెట్టి, ముందు పెద్ద పెద్ద కచ్చా టాకాలు వేసుకొంటే పొరలు కదలవు. తర్వాత వేలి వెడల్పు ఎడంతో వరుసగా సన్నని కుట్టు వేసుకొంటూ పోవాలి. చివరన చీర అంచు చుట్టూ పట్టీ వేస్తే అందం వస్తుంది. బెంగాలు వాళ్ళు ఇదే పనిని కాంథా అంటారు, బీహారు వాళ్ళు సుజనీ అంటారు. ఈ రెండూ నేడు ఊరూరా ప్రదర్శనల్లో అమ్ముడుపోతున్నాయి. మన నానీల, దాదీల బొంతలు మాత్రం అటకల మీద మూటల్లో ఉన్నాయి.

రెండవది కాగితపు గుజ్జు గిన్నె. పాత వార్తాపత్రికలు, రాసి నిండిన నోటు పుస్తకాలు ముక్కలుగా చించి రెండు రోజులు నానబెట్టాలి. పిండి, రోట్లో వేసి మెత్తగా దంచాలి. నానబెట్టి రుబ్బిన మెంతులు అందులో కలపాలి. మెంతుల జిగురు పట్టుకొంటుంది, ఆ చేదుకు పురుగు రాదని మన ఆడవాళ్ళ అనుభవం. వెదురు చేటలకు మెంతి పిండి పూయడం మీరందరూ చూసిందే. ఒక గిన్నె బోర్లించి, తడి గుడ్డ కప్పి, దాని మీద ఈ గుజ్జును సమానంగా అద్ది, ముందు నీడలో, తర్వాత ఎండలో ఆరబెడితే గట్టి పాత్ర తయారవుతుంది. సుద్ద పూసి రంగులు వేసుకోవచ్చు. పండుగకు అందులో ఖర్జూరాలు, బాదములు పెట్టి పంపవచ్చు. కాని అచ్చు సిరా ఉన్న కాగితం గనుక లోపల శుభ్రమైన గుడ్డ పరచి మాత్రమే తినే వస్తువు పెట్టండి. తడి పదార్థాలకు ఇది పనికిరాదు. ఒక్క జాగ్రత్త: అల్లాహ్ పేరు, పవిత్ర వాక్యాలు ఉన్న కాగితాలు, పెళ్ళి పత్రికలు ఇందులో కలపవద్దు. వాటిని వేరుగా అదబుతో భద్రపరచాలి.

మూడవది నా వృత్తికి సంబంధించింది. చెరువు గట్టున గట్టి రెల్లు కాడ దొరికితే అది, లేకపోతే సన్న వెదురు పుల్ల తీసుకొని, చివర ఏటవాలుగా చెక్కి, మొన కత్తిరించి, మధ్యలో చీలిక పెడితే ఖలం తయారు. దీపం మసిలో తుమ్మ బంక నీళ్ళు కలిపి బాగా నూరితే సిరా తయారు. వెనుకటి ఖుష్‌నవీసులు రాసింది ఇలాంటి కలంతో, ఇలాంటి సిరాతోనే. చొక్కా డబ్బాలో వచ్చే తెల్ల అట్ట మీద ఒక బిడ్డ పేరు అందంగా ఉర్దూలో, కింద తెలుగులో రాసి ఇవ్వండి. మా తరగతిలో ఈ పని పెట్టినప్పుడు, చేతిరాత బాగా లేదని రోజూ చీవాట్లు తినే పిల్లలు కూడా ఒక్కొక్క అక్షరం మీద పది నిమిషాలు కూర్చున్నారు. అమ్మీకి ఇవ్వాలి గదా, అందుకు.

ఇవన్నీ చిన్న పనులనుకోవద్దు. చండీగఢ్‌లో నేక్‌చంద్ అని రోడ్ల ఇన్‌స్పెక్టరు ఒకాయన ఉండేవారు. దేశ విభజనలో ఊరు పోగొట్టుకొని వచ్చిన మనిషి. కొత్త నగరం కట్టడానికి పాత గ్రామాలు పడగొట్టినప్పుడు మిగిలిన శిథిలాలు, పగిలిన గాజులు, పింగాణీ పెంకులు, వింత రాళ్ళు సైకిలు మీద మోసి, అడవి శాఖ స్థలంలో ఎవరికీ తెలియకుండా బొమ్మలు చేసి నిలబెట్టారు. దాదాపు పద్ధెనిమిదేళ్ళు అలా సాగింది. 1975 ప్రాంతంలో అధికారుల కంట పడింది. అనుమతి లేని కట్టడం గనుక పడగొట్టాలన్నారు. జనం అడ్డుపడ్డారు. 1976లో అదే స్థలం రాక్ గార్డెన్ పేరుతో అందరికీ తెరిచారు. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2015లో ఆయన కన్నుమూశారు.

ఈ కథ మన కందుకూరుకు దగ్గరిది. 2008లో శంషాబాదు విమానాశ్రయం వచ్చింది, ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. చెలకలు ప్లాట్లవుతున్నాయి. కూలిన పాత ఇళ్ళ చెక్క దర్వాజలు, బంగ్లా పెంకలు లారీల్లో పోతున్నాయి. ఈత చెట్లు పోతే ఈతాకు చాప అల్లే చేయి కూడా పోతుంది. అన్నిటినీ మనం ఆపలేము. కాని పోయేవాటిలో ఒక ముక్క, దాంతో పాటు ఒక పనితనం దాచిపెట్టుకోవచ్చు.

ఉపాధ్యాయులకు మరొక పేరు చెబుతాను. అరవింద్ గుప్తా గారు కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన ఇంజనీరు. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు కలిపి త్రికోణాలు, ఘనాలు చేయించి పిల్లలకు గణితం నేర్పారు. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ప్రయోగశాల లేదని ఏడ్చే మా బడులకు చెత్తబుట్టే ప్రయోగశాల అని ఆయన చూపించారు.

ఇక కొన్ని హెచ్చరికలు. పాత బ్యాటరీలు, పగిలిన ట్యూబులైట్లు, రంగుల డబ్బాలు పిల్లల చేతికి ఇవ్వవద్దు, వాటిలో విషం ఉంటుంది. పచ్చి కొమ్మలు విరవవద్దు, రాలినవి ఏరుకోండి. అన్నిటికంటే ముఖ్యమైన మాట మగవాళ్ళతో: ఇది ఇంట్లో ఆడవాళ్ళ నెత్తిన ఇంకొక పని పెట్టడం కాకూడదు. వంట, ఉతుకుడు, పిల్లలు అన్నీ అయిన తర్వాత గుదడీ కూడా నువ్వే కుట్టు అంటే అది జులుం. కాగితం మనం దంచుదాం, ఖలం మనం చెక్కుదాం. అలాగే, చేతిపని అమ్ముకొని బతికే వాళ్ళ దగ్గర, లక్క గాజుల దుకాణమైనా సరే, చాప అల్లే అవ్వ అయినా సరే, గీచి గీచి బేరం ఆడవద్దు. మన ఇంటి కష్టానికి వెల కట్టలేమని చెప్పుకొంటూ, వాళ్ళ కష్టాన్ని చౌకగా కొనడం న్యాయం కాదు.

చివరిగా సంఘానికి మూడు మనవులు. పదవ తరగతి పాసైన పిల్లలకు ఏటా ఇచ్చే ప్లాస్టిక్ షీల్డుకు బదులు, వాళ్ళ పేరు చేతితో రాసిన అట్ట, ఒక మంచి పుస్తకం ఇద్దాం. సంఘ కార్యాలయంలో ఒక పెట్టె పెట్టి శుభ్రమైన పాత నూలు బట్టలు సేకరిద్దాం. కుట్టడం తెలిసిన పెద్దమ్మలను గౌరవంగా పిలిచి, ఆసక్తి ఉన్న ఆడపిల్లలకూ మగపిల్లలకూ నేర్పిద్దాం. మూడవది ఖర్చు లేనిది. ఇకమీద మన ఇళ్ళలో పెళ్ళి జరిగితే, ఆ నోటు పుస్తకంలో ఇచ్చినవారి పేరు రాద్దాం, వస్తువు పేరు రాద్దాం, ధర మాత్రం రాయకుండా ఉందాం. కానుక కొనలేక ఇంట్లో కూర్చున్న ఆ మనిషి కూడా ఒక గిన్నెతోనో, ఒక గుదడీతోనో వచ్చి మన పక్కన కూర్చొని భోజనం చేయాలని నా కోరిక.