రాగి గొట్టంతో రేడియో ఏరియల్
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారితో ఒక మాట మనవి చేశాను. నేను మెట్రిక్ దాటినవాణ్ణి కాను, కిటికీ వెనుక కూర్చుని టిక్కెట్లు కోసే గుమాస్తాను, సాహిత్యం మీద ఉపన్యాసం నావల్ల కాదు అని. "అయితే నీ డాబా మీది గొట్టం సంగతి చెప్పవయ్యా, వీధిలో అందరూ అదేమిటని అడుగుతున్నారు" అన్నారు వారు. కాబట్టి ఆ గొట్టం సంగతే చెపుతాను.

మా తాత పుత్తూరు వైపునుంచి రైల్వేలో గ్యాంగు పనికి ఈ అరక్కోణం వచ్చాడు. 1856లో రాయపురంనుంచి వాలాజా రోడ్డుకు తొలి బండి నడిచిన దారి మీద ఉన్న ఊరు మనది. పక్కనున్న తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. మనం ఉన్నచోటే ఉన్నాము, గీత మాత్రం జరిగింది. మా తాత ఇంట్లో రేడియోకు గోడనుంచి గోడకు రాగి జాలీ పట్టీ ఒకటి వేలాడుతుండేదట. అదే ఆనాటి ఏరియల్. దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టిన పుస్తకం ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో ఉన్నది. రాత్రిపూట ఆ పెట్టెలో విజయవాడ పలికేదని నాన్న చెప్పేవాడు.

నాన్న పాయింట్సుమన్‌గా పనిచేసి రిటైరయినాడు. నీరుకాసులు వచ్చి నాలుగేళ్ళ క్రితం చూపు పోయింది. అంతకుముందు ప్రొద్దున్నే తెలుగు పేపరు పైకి చదవనిదే కాఫీ ముట్టేవాడు కాదు. ఇప్పుడు ఆ పేపరు ఎవరు చదివి వినిపించాలి? నాకు షిఫ్టు డ్యూటీ. మా ఇంటావిడకు తెలుగు మాట వచ్చునుగాని అక్షరం రాదు. అమ్మాయికి బడిలో తమిళం, ఇంగ్లీషు. "సెల్లులో అన్నీ వస్తాయి కదా" అని మీరు అనవచ్చును. నేనూ అదే అనుకుని కొనిచ్చాను. నున్నని అద్దం మీద ఎక్కడ నొక్కాలో చూపులేనివాడికి ఏం తెలుస్తుంది? రేడియోకు తిప్పే మర ఉన్నది, చేతికి తగులుతుంది. నాన్న రేడియోయే కావాలన్నాడు.

మీడియం వేవు పెడితే రొద. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, సెల్లు ఛార్జర్లు పుట్టించే గోల ఆ పట్టీ మీదనే పడుతుంది. ఎఫ్‌ఎం పెడితే చెన్నై నిలయాలు గట్టిగా వచ్చాయి. మన దేశంలో ఎఫ్‌ఎం ప్రసారం మొదట 1977లో ఆ మద్రాసులోనే ప్రారంభమయింది, సంతోషమే. కాని నాన్నకు కావలసింది తిరుపతి ఆకాశవాణి, 103.2 మెగాహెర్ట్జులు. గాలిదారిన చూస్తే మనకు సుమారు 65 కిలోమీటర్లు. ఎఫ్‌ఎం తరంగం దాదాపు మన చూపువలె తిన్నగా పోతుంది, నేలను పట్టుకుని పాకదు. మధ్యలో నగరి కొండ అడ్డం. రేడియోకున్న ఊచతో వింటే, మాట చివర వినపడితే మొదలు వినపడదు.

ఇక గొట్టం. ఏరియల్ పొడవుకు లెక్క చిన్నది. 300ని 103.2తో భాగిస్తే తరంగం పొడవు 2.9 మీటర్లు. అందులో సగం 1.45. గొట్టం లావుకూ, కొసల ప్రభావానికీ నూటికి అయిదు తగ్గిస్తే 1.38 మీటర్లు. జర్మనీలో హెర్ట్జు 1880ల చివర తరంగాలను నిరూపించినప్పుడు వాడిన సాధనంకూడా ఇలా మధ్యలో ఖాళీ వదిలిన రెండు చేతులదే.

ఏసీ బిగించే మేస్త్రీ దగ్గర మిగిలిన అరంగుళం రాగి గొట్టం మూడు మీటర్లు ఏడువందలకు తెచ్చాను. చుట్టలుగా ఉంటుంది. నేలమీద పరిచి పైన పలక వేసి దొర్లిస్తే తిన్ననవుతుంది. మా ఇంటావిడ చూసి, "ఏడువందలు పోసి బట్టల దండెం తెచ్చారా" అన్నది. గొట్టమే ఎందుకు, తీగె చాలదా అంటే, తీగె చాలును. అల్యూమినియమైనా పనిచేస్తుంది. అయితే గొట్టం గాలికి ఊగదు, లావు ఉన్నందున అటూ ఇటూ ఉన్న నిలయాలనుకూడా బాగా పట్టుకుంటుంది. లోపల బోలు అని చింత వద్దు. ఇంత వేగంగా కంపించే విద్యుత్తు రాగి పైపొరలోనే, మిల్లీమీటరులో నూరోవంతుకంటె తక్కువ మందంలో నడుస్తుంది.

ఇక్కడ నా తెలివి వినండి. 1.38 అన్నది రెండు చేతులకూ కలిపి. నేను ఒక్కొక్క చేతికి 1.38 కోసి, డాబా ఎక్కించి, నాన్నను పిలిచి, మర తిప్పాను. బుస్సుమన్నది. రేడియో తన సొంత ఊచతోనే ఇంతకంటె మేలు. నాన్న ఏమీ అనలేదు, కర్ర తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. వారంరోజులు నాకు డ్యూటీలో చిల్లర లెక్క తప్పుతూనే ఉన్నది. చివరకు సిగ్నల్ శాఖలో పనిచేసే మిత్రుడొకడు కొలత చూసి నవ్వాడు. పొడవు రెట్టింపయితే నడిమధ్య విద్యుత్తు ప్రవాహం దాదాపు ఉండదు, అక్కడ కట్టిన కేబులుకు అందేది స్వల్పం అన్నాడు. పొడవు గనుక కోసుకోవచ్చును, పొట్టిదయితే అతికించవలసి వచ్చేది.

సరిగ్గా చేతికి 69 సెంటీమీటర్లు. రెండింటినీ పీవీసీ గొట్టానికి బిగించాను, మధ్య మూడు సెంటీమీటర్ల ఎడం. టంకం పెట్టబోతే గొట్టమే వేడినంతా తాగేసింది, చిన్న టంకపుకడ్డీకి లొంగదు. అందుచేత చిల్లులు పొడిచి ఇత్తడి మరమేకులతో బిగించాను. కేబులు టీవీవాళ్ళ డెబ్బయిఅయిదు ఓముల తీగె దీనికి చక్కగా సరిపడుతుంది. నడిమి తీగె ఒక చేతికి, పైన అల్లిక రెండో చేతికి. అక్కడే కేబులును జానెడు వెడల్పున అయిదారు చుట్లు చుట్టి కట్టాను, కేబులే ఏరియల్‌వలె పనిచేయకుండా. నీళ్ళు దిగకుండా కీలుకు టేపు చుట్టి పైన మైనం పూశాను. క్రిందికొస క్లిప్పుతో రేడియో ఊచకు తగిలించాను.

దిక్కు విషయంలో మాత్రం మనకు అదృష్టం కలిసివచ్చింది. అడ్డంగా పడుకోబెట్టిన ఈ ఏరియల్ తన ప్రక్కలనుంచి వచ్చేదాన్ని బాగా తీసుకుంటుంది, కొసలవైపునుంచి వచ్చేదాన్ని దాదాపు వదిలేస్తుంది. మనకు చెన్నై సరిగ్గా తూర్పు. తిరుపతి ఉత్తరం, కాస్త పడమరగా. చేతులు తూర్పు పడమరలుగా పెడితే చెన్నై కొసన పడి సన్నగిల్లుతుంది, తిరుపతి ప్రక్కన పడుతుంది. దిక్సూచి తెచ్చి మా అమ్మాయే పెట్టింది.

ఒక హెచ్చరిక. మనలో చాలామందిమి లైను ప్రక్కనే కాపురం ఉంటున్నాము. పైనున్న తీగెలో 25,000 వోల్టులు ఉన్నది. తాకనక్కరలేదు, రెండు మీటర్లలోపలికి గొట్టం చేరినా ప్రాణాపాయమే. వీధి కరెంటు తీగె కూడా అంతే. గొట్టం పడినా తీగెమీద పడనంత దూరంలో పాతండి. ఉరిమేటప్పుడు కేబులు ఊడదీసి బయట వేయండి. ఆ మాట మీద పిల్లలకు బద్ధకం వద్దు.

రెండోసారి నాన్నను పిలవలేదు. పిలిచే ధైర్యం లేదు. మంచంపక్కన రేడియో పెట్టి, సంధ్యవేళ మర తిప్పి ఊరుకున్నాను. కొండ ఎక్కడికీ పోలేదు కాబట్టి సన్నని బుస ఉన్నదిగాని, దాని మీదుగా తెలుగు మాట స్పష్టంగా వచ్చింది. రైతుల కార్యక్రమం, వేరుశనగ తెగులు సంగతి. మాకు సెంటు పొలం లేదు. నాన్న అరగంటసేపు కదలకుండా విన్నాడు. తరువాత మా అమ్మాయిని పిలిచి, "తిక్క తెగులు అంటే తెలుసునా?" అని అడిగి, పుత్తూరు చేనిలో తన తాత ఏం చేసేవాడో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ కథలు నేనూ వినలేదు.

ఎండాకాలం తెల్లవారుజామున మరీ బాగా వస్తుంది, గాలిపొరలు తరంగాన్ని వంచి కొండ దాటిస్తాయి. పగలు ఒక్కొక్కరోజు మొరాయిస్తుంది. ఆ రోజుల్లో నాన్న ఏరియల్ తిప్పమని నన్ను డాబా ఎక్కిస్తాడు. కోతులు ఇంతవరకు దానిమీద ఊగలేదు.

నేను తప్పుగా కోసినందువల్ల మిగిలిన ముక్కలు రెండు, ఒక్కొక్కటి 69 సెంటీమీటర్లే, సరిగ్గా ఇంకొక ఏరియల్‌కు సరిపోతవి. ముందుగా అడిగినవారికి ఇస్తాను. మరమేకులు మాత్రం మీరు తెచ్చుకోవాలి.